నీళ్లులేని ఊరి పిల్లకి టగ్గు ఉద్యోగమా?

ఇంటర్ పాసైన అమ్మాయిని "తర్వాత ఏం చేస్తావమ్మా?" అని అడిగితే మన దగ్గర మూడు నాలుగు జవాబులు సిద్ధంగా ఉంటాయి. డిగ్రీ, నర్సింగు, టీచరు ట్రైనింగు, కాస్త స్తోమత ఉంటే ఇంజినీరింగు. ఎమ్మిగనూరులో మా వీధి అమ్మాయి ఒకతె మొన్న ఐదో జవాబు చెప్పింది. "టగ్గులో పనికి పోతా పెద్దమ్మా" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. కండెలు చుడుతున్న వాళ్లమ్మ చెయ్యి ఆపి, "ఓడల్ని లాగే పడవంట. దీనికి పిచ్చి పట్టింది, నువ్వైనా చెప్పక్కా" అంది. గోడకి ఆనుకుని కూర్చున్న అవ్వకైతే నవ్వు ఆగలేదు. "ఈడ బిందెడు నీళ్లకి కుళాయి కాడ కొట్లాడుకుంటాంటే, దీనికి సముద్రం కావల్లంట!"

నిజమే కదా! ఆదోని నుంచి గానీ, ఎమ్మిగనూరు నుంచి గానీ తూర్పుకి పోయినా పడమటికి పోయినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. మనకు తెలిసిన నీళ్లంటే తుంగభద్ర దిగువ కాలువ, ఎండాకాలానికి నింపుకునే చెరువు, మంత్రాలయం దగ్గర ఏరు, ఆ ఏట్లో పుట్టి. నేనూ ఆ పిల్లకి నాలుగు మంచిమాటలు చెప్పి మనసు మళ్లిద్దామనే కూర్చున్నాను. కానీ వద్దనడానికి ఒక్క సరైన కారణం వెతుక్కుంటూ పోతే నాకే దొరకలేదు. దొరికిన కారణాలన్నీ వేరే రకంవి. వాటి సంగతి తర్వాత చెప్తాను.

ముందు టగ్గు అంటే ఏమిటో చూద్దాం. వేల టన్నుల సరుకుతో వచ్చే ఓడ నడిసముద్రంలో రాజా. రేవులోకి వచ్చేసరికి మాత్రం కాలు కదపలేని ముసలాయన! వేగం తగ్గితే చుక్కాని పట్టు తప్పుతుంది, అడ్డంగా జరగడం దానివల్ల కాదు. అప్పుడు ఈ చిన్న పడవలు దాని పక్కన చేరతాయి. ఒకటి తాడేసి లాగుతుంది, ఇంకొకటి ముక్కుతో నెడుతుంది, అలా అంగుళం అంగుళం గట్టుకి చేరుస్తాయి. 1933లో మొదలైన విశాఖ ఓడరేవులో, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలి హార్బరుకి పోయే సన్నటి దారిలో ఓడలు వచ్చిపోయేది ఈ టగ్గుల సాయంతోనే. టగ్గు బలాన్ని గుర్రాలతో కాక లాగుడుతో కొలుస్తారు. గట్టుమీది ఇనుప గుంజకి తాడు కట్టి, పూర్తి జోరుతో లాగించి, ఎన్ని టన్నుల లాగుడు వచ్చిందో లెక్కేస్తారు. ఇప్పటి హార్బరు టగ్గులు 50, 60 టన్నుల వరకు లాగేస్తున్నాయి. మన ఆదోని పత్తి మార్కెట్టుకి ఒకప్పుడు బోరాలు మోసుకొచ్చిన ఎద్దుల్ని చూసినవాళ్లకి ఈ పని వివరించి చెప్పనక్కర్లేదు.

ఇవి చిన్న పడవలే గదా అనుకోకండి. 2021 మార్చిలో సూయజ్ కాలువకి అడ్డంగా ఇరుక్కుపోయిన 400 మీటర్ల ఎవర్ గివెన్ ఓడని ఆరు రోజుల తర్వాత కదిలించింది తవ్వే యంత్రాలూ టగ్గులూ కలిసే. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే ఓడని గట్టునుంచి తప్పించి టగ్గులు వెనక్కి వెళ్లిపోయాయి. కాసేపటికి ఓడలో కరెంటు పోయింది. అది నేరుగా పోయి వంతెన స్తంభాన్ని గుద్దింది, వంతెన కూలింది, దాని మీద మరమ్మతు పని చేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఆ ఓడ సిబ్బందిలో ఎక్కువమంది మన దేశంవాళ్లే. టగ్గులు ఇంకాసేపు పక్కనే ఉండుంటే ఎలా ఉండేదన్న చర్చ ఆ తర్వాత చాలా జరిగింది.

సరే, ఇక మనవాళ్ల అభ్యంతరాలు. "అది మగవాళ్ల పని, బలం కావాలి." ఒకప్పుడు అవును. బరువైన ఇనుప తీగల తాళ్లు ఈడ్చాల్సి వచ్చేది. ఇప్పుడు చాలా టగ్గుల్లో కృత్రిమ దారంతో పేనిన తాళ్లు వచ్చాయి. అదే బలానికి బరువు చాలా తక్కువ, నీళ్లమీద తేలుతాయి కూడా. లాగడం చుట్టడం యంత్రం చేస్తుంది. మనిషికి కావలసింది చూపు, జాగ్రత్త, తాడు మీద అవగాహన. బిగిసిన తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, ఆ దారిలో నిలబడ్డ మనిషి బతకడం కష్టం. ఎక్కడ నిలబడకూడదో తెలియడమే ఈ ఉద్యోగంలో మొదటి పాఠం. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయిన రాత్రి మనమంతా ఎలా నిద్రపోయామో గుర్తుందిగా! బరువు మోసే గొలుసుని నమ్మి ఊరుకోకూడదని మనకి ఒకరు చెప్పాలా?

ఇంకో మాట. తాడు కొసలు ముడి లేకుండా ఒకదాంట్లో ఒకటి అల్లి అతకడం డెక్కు మీద పనిచేసేవాళ్లు నేర్చుకోవాల్సిన విద్య. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు మాది. అచ్చు అతికే ఆడవాళ్లు ఒక్కో పోగు వేళ్లతో మెలిపెట్టి ఎన్ని వేల పోగులు కలుపుతారో ఇక్కడి ఇళ్లల్లో చూడొచ్చు. ఆ చేతులకి లావు తాడు అతకడం రాదని అనగలమా?

"ఆడపిల్ల అంత దూరం, మగవాళ్ల మధ్య, రాత్రిళ్లు..." ఇదే అసలు అభ్యంతరం. దీనికి నాకు కోపం వస్తుంది, ఎందుకో చెప్తాను. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం వైపు పల్లెల్లో సుగ్గి కాలంలో ఇళ్లకి తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికీ, తెలంగాణకి పత్తి తియ్యడానికీ, బెంగుళూరుకి బిల్డింగు పనులకీ కుటుంబాలకి కుటుంబాలే బయల్దేరతాయి. పదిహేనేళ్ల ఆడపిల్లలు బడి మానేసి లారీలో, బొలెరోలో కుక్కుకుని పోతారు. చేను గట్టున టార్పాలిన్ గుడిసెలో పడుకుంటారు. స్నానానికి చాటు లేదు, దొడ్డికి చాటు లేదు. అప్పుడు ఏ పెదనాన్నా, ఏ మేనమామా వచ్చి "ఆడపిల్ల, అంత దూరం, రాత్రిళ్లు" అనడు. చేతికి సర్టిఫికెట్టు, ఒంటికి లైఫ్ జాకెట్టు, నెలకి జీతం ఇచ్చే పని అనగానే మాత్రం అందరికీ పరువు గుర్తొస్తుంది! కూలికి పోతే లేని భయం ఉద్యోగానికి పోతే ఎందుకో మీరే చెప్పండి.

ముందు నడిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 2017 సెప్టెంబరులో నౌకాదళానికి చెందిన ఆరుగురు ఆడ ఆఫీసర్లు తారిణి అనే చిన్న తెరచాప పడవలో బయల్దేరి, 2018 మేలో ప్రపంచం చుట్టి వచ్చారు. వాళ్లలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు అమ్మాయి. హైదరాబాదుకి మాత్రం సముద్రం ఎక్కడుంది, హుస్సేన్‌సాగర్ తప్ప! చెన్నై అమ్మాయి రేష్మా నిలోఫర్ 2018లో కలకత్తా రేవుకి వచ్చే ఓడలకి హుగ్లీ నదిలో దారి చూపే పైలట్ అయింది. దేశంలో ఆ పనిలోకి వచ్చిన మొదటి మహిళ ఆమే. కేరళకి చెందిన కెప్టెన్ రాధికా మీనన్ 2015 జూన్‌లో తుఫాను గాలుల్లో చిక్కిన దుర్గమ్మ అనే చేపల పడవ నుంచి ఏడుగురు జాలర్లని కాపాడింది. సముద్రంలో సాహసానికి అంతర్జాతీయ సంస్థ ఇచ్చే అవార్డు 2016లో ఆమెకి వచ్చింది. అంతకుముందు ఏ మహిళకీ ఆ అవార్డు రాలేదు. అయినా సంఖ్య చూస్తే నీరసం వస్తుంది. 2021లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఓడల మీద పనిచేసే ఆడవాళ్లు 24,059 మంది. నూటికి ఒకటిన్నర కూడా కాదు.

ఇప్పుడు ఆ పిల్లకి చెప్పిన మాటలు ఇక్కడా రాస్తాను. ఎందుకంటే సముద్రం కన్నా మోసపోవడమే మనకి ఎక్కువ ప్రమాదం.

పదో తరగతి చాలు. ఇంగ్లీషులోనూ, మొత్తం మీదా 40 శాతం మార్కులు ఉండాలి, లెక్కలూ సైన్సూ చదివుండాలి. పదిహేడున్నర నుంచి పాతికేళ్ల లోపు వయసు. జి.పి. రేటింగ్ అని ఆరు నెలల కోర్సు, అక్కడే ఉండి చదవాలి. డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గుర్తించిన సంస్థలోనే చేరాలి. ఆ పేర్లు వాళ్ల వెబ్‌సైటులో ఉంటాయి, గోడమీద పోస్టరు చూసి చేరకూడదు. మంటలార్పడం, నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, ప్రథమ చికిత్స నేర్పుతారు. ఆ తర్వాత నావికుల పుస్తకం, సి.డి.సి. అంటారు, అది చేతికొస్తుంది. సముద్రం మీద పనిచేసిన రోజులన్నీ అందులో ఎక్కుతాయి. ఆ రోజులు పోగయ్యేకొద్దీ పరీక్షలు రాసి పైకి పోవచ్చు, ఒకనాటికి టగ్గుని నడిపే మాస్టరూ కావచ్చు. మెకానికల్ బి.టెక్. చదివి ఇంట్లో కూర్చున్న అమ్మాయిలకి ఇంజను వైపు ఏడాది కోర్సు వేరే ఉంది.

కోర్సు కన్నా ముందు కళ్లు పరీక్ష చేయించుకోవాలి. చీకట్లో ఎదురొచ్చే పడవకి ఎడమపక్క ఎర్రదీపం, కుడిపక్క ఆకుపచ్చ దీపం ఉంటాయి. ఆ రంగులు తేడా తెలియనివాళ్లు డెక్కు పనికి పనికిరారు. లక్షలు కట్టాక ఈ సంగతి తెలిసి ఏడ్చినవాళ్లున్నారు.

ఇక ఏజెంట్లు. మా బంధువుల కుర్రవాడొకడు రెండెకరాల చేను తాకట్టు పెట్టి ఓ ఏజెంటు చేతిలో డబ్బు పోశాడు. ఓడా లేదు, ఏజెంటూ లేడు, చేను మాత్రం ఇంకా తాకట్టులోనే ఉంది. ఓడ ఉద్యోగం చూపించే కంపెనీకి ఆర్.పి.ఎస్.ఎల్. అనే లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్నవాళ్లు ఉద్యోగం ఇప్పించినందుకు పనివాళ్ల దగ్గర పైసా తీసుకోకూడదని చట్టం. కాబట్టి డబ్బడిగాడంటే అక్కడికక్కడే లేచి వచ్చెయ్యడమే! కోర్సు కాగానే ఉద్యోగం ఎదురొచ్చి పిలుస్తుందని కూడా అనుకోవద్దు. మొదటి ఓడ దొరకడానికి నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కాచుకోవాలి. ఆడపిల్లయితే ఇంకా ఎక్కువ. ఇది దాచడం నాకిష్టం లేదు.

మరుగుదొడ్డి సంగతి సిగ్గుపడకుండా అడగాలి. పెద్ద ఓడల్లో ఆడవాళ్లకి వేరే పడకగది, వేరే స్నానాలగది ఉండాలని 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెప్తోంది, మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. కానీ రేవు దాటి పోని పడవలు ఆ ఒప్పందంలోకి రావు. అంటే నెలల తరబడి పరాయి సముద్రాల్లో తిరిగే ఓడలో ఉన్న రక్షణ, గట్టు కనపడుతుండే హార్బరు టగ్గులో కాగితం మీద లేదు! ఇల్లు విడిచి మరీ దూరం పోనక్కర్లేదు, గట్టు కనపడుతుంటుంది అనే కదా ఆడపిల్లకి టగ్గు అనుకూలం అనుకుంటాం. సరిగ్గా అక్కడే గది లేదు. రేవుల్ని నడిపేవాళ్లు, ప్రభుత్వంవాళ్లైనా ప్రైవేటువాళ్లైనా, టగ్గులు అద్దెకి తీసుకునే ఒప్పందంలో "ఆడ సిబ్బందికి వేరే గది, వేరే దొడ్డి" అని ఒక్క వాక్యం రాస్తే చాలు, కట్టేవాళ్లే కడతారు. మన విశాఖలోనే హిందుస్తాన్ షిప్‌యార్డు టగ్గులు కడుతోంది, బొమ్మ గీసేటప్పుడే ఓ గది ఎక్కువ గీయడం ఎంతసేపు? పని చోట వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం మాత్రం టగ్గుకీ వర్తిస్తుంది. కంపెనీలో పదిమంది పనిచేస్తుంటే విచారణ కమిటీ ఉండి తీరాలి. ఉద్యోగ కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ కమిటీలో ఎవరున్నారో అడిగితే తప్పేమీ లేదు.

మిగిలింది ఈత. మన వైపు మగపిల్లలు బెండ్లు కట్టుకుని బావుల్లో దూకి నేర్చుకుంటారు. ఆడపిల్లలు గట్టుమీద బట్టలకి కాపలా! ఆదోని అంత ఊర్లో, ఇన్ని జిన్నింగు మిల్లులూ ఇన్ని కాలేజీలూ ఉన్నచోట, ఆడపిల్ల చాటుగా, ధైర్యంగా నీళ్లలో దిగి ఈత నేర్చుకునే చోటు ఎక్కడుందో నన్నడిగితే నేను చెప్పలేను. సముద్రం దాకా ఎందుకు, 2009 అక్టోబరు వరదల్లో మంత్రాలయం మునిగినప్పుడు ఈత వచ్చిన ఆడవాళ్లు మనలో ఎంతమంది? మున్సిపాలిటీవాళ్లు వారానికి రెండు పూటలు ఆడపిల్లలకే అని ఒక కొలను పెడితే టగ్గు ఎక్కనివాళ్లకీ ఉపయోగమే.

ఇదంతా విని వాళ్లమ్మ ఒక్కటే అడిగింది. "పండగలకి పంపిస్తారా అక్కా?" జాతరకి పంపకపోవచ్చని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, మళ్లీ కండె చుట్టుకుంది.

పోయిన ఆదివారం ఆ పిల్ల కళ్లపరీక్ష చీటీ తెచ్చి చూపించింది. రంగులన్నీ బాగానే కనపడుతున్నాయట. అట్నుంచి అటే వాళ్ల మామ చేనుకి పోయారట, అక్కడ దిగుడు బావి ఉంది. నడుముకి బెండ్లు కట్టి దించారట. నడుముకి కట్టిన తాడు కొస ఎవరు పట్టుకున్నారే అంటే, "అవ్వే పెద్దమ్మా, ఎవురికీ ఇయ్యలేదు" అంది.