రెండొందల ఐరన్‌తో పది వేల బోర్డు కాల్చొద్దు

దెగ్లూర్ రిపేరు దుకాణందార్లకు, వాళ్ల దగ్గర పని నేర్చుకునే పిల్లలకు, వాళ్ల గిరాకీకి ఒక విన్నపం



మొబైలైనా, టీవీ అయినా, ఇన్వర్టరైనా, బోరు మోటారు స్టార్టరైనా, మన ఊళ్లో బోర్డు విప్పే ప్రతి దుకాణాన్నీ ఒకటే అడుగుతున్నాం. గోడ ప్లగ్గులో నేరుగా పెట్టే సోల్డరింగ్ ఐరన్‌ను బోర్డు పనికి వాడటం మానేద్దాం. వేడిని తానే అదుపులో పెట్టుకునే సోల్డరింగ్ స్టేషన్ కొందాం. ఒక్కరి వల్ల కాకుంటే ముగ్గురం కలిసి కొందాం. కొనేది అసలుదో నకిలీదో బజార్లోనే తేల్చుకుని మరీ డబ్బులిద్దాం.

ఎందుకంటారా? లెక్క చూడండి. 25 వాట్ల ఐరన్ అంటే 230 వోల్టుల దగ్గర 25 వాట్లు. వోల్టేజీ తగ్గితే వాట్లు దాని వర్గం లెక్కన పడిపోతాయి. యాసంగిలో మోటార్లన్నీ ఒక్కసారి అందుకున్న వేళ లైను 180కి దిగిందనుకోండి, అప్పుడు మీ చేతిలో ఉన్నది 15 వాట్ల ఐరన్. సోల్డర్ సగమే కరుగుతుంది, మీరు బిట్టును ఇంకా గట్టిగా అదుముతారు. రాత్రి లోడు తగ్గి లైను 250కి ఎక్కితే అదే ఐరన్ 30 వాట్ల దగ్గరికి పోతుంది. దాన్ని ఆపేవాడు లేడు. స్టాండు మీద పెట్టి చాయ్ తాగొచ్చేసరికి బిట్టు 400 డిగ్రీలు దాటి నల్లబడి కూర్చుంటుంది. అప్పుడేం చేస్తాం? ఆకురాయి తీసి గీకుతాం. ఇప్పటి మంచి బిట్లు లోపల రాగి, పైన సన్నటి ఇనుప పూత. ఆ పూత ఉండబట్టే రాగి సోల్డర్‌లో కరిగిపోకుండా నిలుస్తుంది. ఆకురాయి పెట్టిన రోజే ఆ పూత పోయినట్టు. ఆ తర్వాత బిట్టుకు గుంట పడటం ఎంతోసేపు కాదు.

ఫోన్‌లో చార్జింగ్ జాక్ మార్చడం మనకు రోజూ ఉండే పని. దాన్నే తీసుకోండి. జాక్‌కు పక్కల ఉండే లావు కాళ్లు బోర్డు గ్రౌండ్ పొరకు అతికి ఉంటాయి. ఆ పొర బోర్డంతా పరుచుకున్న రాగి రేకు. బిట్టు పెట్టగానే వేడినంతా అది లాక్కుంటుంది. ఐరన్‌కు దమ్ము చాలదు గనక పది పదిహేను సెకన్లు అదిమి పట్టుకుంటాం. లావు కాలు వదలదు. పక్కనున్న వెంట్రుకవాసి డేటా లైను ప్యాడ్ మాత్రం జిగురు వదిలి లేచొస్తుంది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చార్జింగ్ ఎక్కని ఫోను కాస్తా చచ్చిన ఫోను అవుతుంది. గిరాకీతో మనం అనేది మాత్రం "బోర్డే పోయింది భాయ్" అని.

మా ఉస్తాద్ ఇదే ఐరన్‌తో ముప్పై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగు చేశాడు కదా అంటారు. చేశాడు, కాదనేది లేదు. ఆయన పని చేసిన బోర్డుకు ఒక వైపే రాగి, కాళ్లకు వెడల్పాటి ప్యాడ్లు, సోల్డర్‌లో మూడో వంతుకు పైగా సీసం. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీలకే కరిగిపోతుంది. 2006 జులై 1 నుంచి ఐరోపా దేశాలు ఎలక్ట్రానిక్ సామానులో సీసాన్ని కట్టడి చేశాయి. 2012లో అమల్లోకి వచ్చిన మన ఈ-వేస్ట్ నిబంధనలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు కంపెనీ నుంచి వచ్చే ఫోన్ బోర్డు మీద ఉండేది ఎక్కువగా తగరం, కొంచెం వెండి, కొంచెం రాగి కలిపిన సోల్డర్. అది కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. బోర్డు ఒక పొర పోయి ఆరు, ఎనిమిది పొరలయింది. ఉస్తాద్ చెయ్యి ఇప్పటికీ బంగారమే, ఆ చేతికి ఇచ్చిన పనిముట్టే పాతబడింది.

ఇంకొక సంగతి చాలామంది పట్టించుకోరు. రెండు పిన్నుల ఐరన్‌ను ప్లగ్గులో పెట్టి బిట్టుకు టెస్టర్ తగిలించండి. చాలావాటికి వెలుగుతుంది. ఆ లీకేజీ మనిషికి చిన్న జివ్వుమనడమే, మాస్‌ఫెట్టుకూ పవర్ ఐసీకీ అది చావు. పని అంతా సరిగ్గా చేసినా బోర్డు లేవకపోతే మనం పార్టును తిడతాం, పార్టు అమ్మినవాణ్ణి తిడతాం.

స్టేషన్ అంటే ఇందుకు విరుగుడు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అది మెయిన్స్‌ను వేరు చేసి హ్యాండిల్‌కు 24 వోల్టుల వంటి తక్కువ వోల్టేజీ పంపుతుంది. బిట్టు దగ్గర సెన్సర్ ఉంటుంది. 340 పెడితే 340 దగ్గరే నిలబెడుతుంది. బోర్డు వేడిని లాక్కున్న క్షణంలో ఎక్కువ పవర్ పంపుతుంది, వదలగానే తగ్గిస్తుంది. వాట్లు ఎక్కువున్న స్టేషన్ బోర్డును కాల్చేస్తుందన్న భయం వద్దు. వాట్లు వేడిని ఎంత తొందరగా తిరిగి నింపుతాయో చెప్తాయి, బిట్టు ఎంత వేడెక్కాలో నిర్ణయించేది మీరు పెట్టిన అంకె. అందుకే 60, 70 వాట్ల స్టేషన్‌తో చేసిన పనే బోర్డుకు చల్లగా పడుతుంది, రెండు మూడు సెకన్లలో బిట్టు తీసేస్తాం గనక.

మరి ఏది కొనాలి?

జపాన్ కంపెనీ హాకో చేసిన 936 అనే మోడల్ ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. అసలు కంపెనీ దాన్ని ఆపేసి చాలా ఏళ్లయింది. బజార్లో మాత్రం 936 అన్న అంకె వేసుకున్న డబ్బాలు ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతాయి. అంకె చూసి డబ్బులివ్వకండి. దాని తర్వాత వచ్చిన ఎఫ్‌ఎక్స్-888డి పది వేలు దాటుతుంది, నమ్మదగ్గ సరుకు. ఒకటే విసుగు, వేడి మార్చాలంటే రెండే బటన్లతో కుస్తీ పట్టాలి. ఆ తర్వాతి డీఎక్స్ మోడల్‌కు తిప్పే నాబ్ పెట్టి ఆ బాధ తప్పించారు. స్పెయిన్‌దైన జేబీసీ స్టేషన్లలో హీటరు, సెన్సరు, బిట్టు ఒకే కార్ట్రిడ్జ్‌లో ఉంటాయి, కొన్ని సెకన్లలోనే పనికి సిద్ధమవుతుంది. పని చేస్తే దానితో చేయాలనిపిస్తుంది, ధర చూస్తే మన ఊరికి అక్కర్లేదనిపిస్తుంది. రోజంతా ఫోన్ బోర్డులే చూసే దుకాణానికి తప్ప మిగతావాళ్లకు మేం దాన్ని చెప్పం. చైనావాళ్ల క్విక్, మన దేశంలో అందరికీ తెలిసిన సోల్డ్రాన్ స్టేషన్లు చేతికందే ధరలో ఉంటాయి, స్టార్టర్లూ ఇన్వర్టర్లూ చేసే దుకాణానికి సరిపోతాయి. హాకో టీ12 కార్ట్రిడ్జ్‌లు పట్టే చిన్న డబ్బాలు కూడా వస్తున్నాయి. కొన్ని బాగానే ఉంటాయి. కొన్నింట్లో ఎర్త్ తీగ బాడీకి కలిపే ఉండదు, మూత విప్పి చూస్తే తప్ప తెలియదు.

ఐరనూ ఎస్‌ఎండీ మిషనూ (వేడి గాలి ఊదేది) కలిపి ఒకే డబ్బాలో ఇస్తామంటారు. మా మాట వింటే మొదట మంచి ఐరన్ స్టేషన్ ఒక్కటే తీసుకోండి. రెండూ కలిపి చవగ్గా ఇచ్చేచోట కోత పడేది ఐరన్ మీదే.

నాందేడ్‌లో కొన్నా, జాతీయ రహదారి 161 పట్టుకుని మద్నూరు, పిట్లం, సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీకి పోయినా, మల్టీమీటర్ జేబులో పెట్టుకుని పోండి. మన ఊరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే, రాష్ట్రం మారినా పార్టుల కోసం మన బస్సు ఇంకా అటే పోతుంది. 2017లో జీఎస్టీ వచ్చాక సరిహద్దు దాటితే పన్ను తేడా అన్న బాధా లేదు, కాబట్టి బిల్లు లేకుండా కొనకండి. బిల్లు లేని సరుకుకు వారంటీ ఉండదు.

దుకాణంలో మీటర్‌తో చేయాల్సింది ఇదీ. ప్లగ్గు పెట్టకముందే ఒక వైరు ప్లగ్గు ఎర్త్ పిన్నుకు, ఇంకొకటి శుభ్రంగా ఉన్న బిట్టు మొనకు పెట్టండి. రెండు ఓంల లోపు చూపాలి. అసలేమీ చూపకపోతే ఆ డబ్బా అక్కడే వదిలేయండి. హాకో 936 తరహా హ్యాండిల్ అంటే దాని ప్లగ్గు పిన్నుల మధ్య కొలవండి, చల్లగా ఉన్నప్పుడు అసలు హీటరు 2.5 నుంచి 3.5 ఓంలు, సెన్సరు 43 నుంచి 58 ఓంలు చూపిస్తుంది. సెన్సరు దగ్గర రెండు మూడు ఓంలే వస్తే అందులో ఉన్నది వేరే రకం సెన్సరు, అసలు హాకో హీటరు దానికి పనికిరాదు, రేపు పోతే నకిలీ హీటరే వెతుక్కోవాలి. ఆ తర్వాత ప్లగ్గు పెట్టించి 350 దగ్గర ఉంచి, రెండున్నర ఎంఎం రాగి తీగ ముక్కకు సోల్డర్ పట్టించండి. వెంటవెంటనే నాలుగైదు సార్లు. మొదటిసారి ఎంత సాఫీగా పారిందో అయిదోసారీ అంతే పారితే కొనండి. అన్నిటికంటే ముఖ్యంగా, బిట్లూ హీటర్లూ విడిగా దొరుకుతాయా, ఎక్కడ దొరుకుతాయి అని అడగండి. "దొరకవు కానీ అసలు చెడిపోదు" అన్న జవాబు వస్తే చాయ్ తాగి వచ్చేయండి.

ఇంత చేసి తెచ్చి ఎర్త్ లేని సాకెట్‌లో పెడితే అంతా దండగ. మన బజార్లో పాత దుకాణాల్లో మూడో రంధ్రం చూడ్డానికే తప్ప దాని వెనక తీగ ఉండదు. స్టేషన్ కంటే ముందు ఎర్తింగ్ వేయించండి. గుంత తవ్వి, పైపు దింపి, ఉప్పూ బొగ్గూ నింపి, ఎండాకాలం నీళ్లు పోస్తూ ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించేవాడికి స్టేషన్ ఎందుకు?

డబ్బు సంగతి. ఒకే వరుసలో ఉన్న మూడు దుకాణాలు కలిస్తే పది, పన్నెండు వేల స్టేషన్ ఒక్కొక్కరికి నాలుగు వేలకు మించదు. హ్యాండిల్ ఎక్కువ వాడే దుకాణంలో స్టేషన్ ఉంచండి, మిగతా ఇద్దరూ కష్టమైన బోర్డులకు అక్కడికి పోండి. బిట్లు మాత్రం ఎవరివి వాళ్లు కొనుక్కోండి, లేకపోతే స్నేహం చెడుతుంది. బిట్టు నిజంగా ఎంత వేడిగా ఉందో చూపే టిప్ థర్మామీటర్ ఊరంతటికీ ఒకటి చాలు. సొంతంగానే కొనాలనుకునేవాళ్లకు ముద్రా పథకంలో శిశు రుణం ఉంది, 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా ఇవ్వాలి. పొదుపు సంఘం (బచత్ గట్)లో ఉన్న ఇంటి ఆడవాళ్ల పేరు మీద తీసుకుంటే ఇంకా సులువు అనే ఇళ్లూ ఉన్నాయి.

సర్కారునూ ఒకటి అడగాలి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. కమ్మరి, వడ్రంగి, దర్జీ, మంగలి, తాళాలు చేసేవాడు, అందరికీ పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం ఉంది. బోర్డులు బాగుచేసేవాడు అందులో లేడు. తరతరాల చేతివృత్తులకని పెట్టిన పథకం అది, నిజమే. కానీ మన బజార్లో తండ్రి దగ్గర కొడుకు, ఉస్తాద్ దగ్గర శాగిర్దు నేర్చుకునే పని ఇది, రెండో తరం నడుస్తోంది. 19వ వృత్తిగా చేర్చమని మన ఎమ్మెల్యేకూ ఎంపీకీ మరాఠీలో ఒక అర్జీ రాసి అందరం సంతకాలు పెడదాం.

అట్లాగే జిల్లాలోని ఐటీఐలను, 30 రోజులు ఉచితంగా మొబైల్ రిపేరు నేర్పే ఆర్‌సెటీని అడుగుదాం. పిల్లవాడు మొదటి రోజు పట్టుకునేది స్టేషన్ హ్యాండిలే కావాలి. ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు పాఠాల్లో అది ఉంది. పాఠంలో ఉన్నది బెంచీ మీదా ఉండాలి.

రైతన్నలకు ఒక మాట. సౌర పంపు కంట్రోలర్ మన చుట్టుపక్కల ఊళ్లలో ఒకటొకటిగా వస్తోంది. దాని బోర్డు మీద రాగి మందం, పార్టులు పెద్దవి. చిన్న ఐరన్‌తో పెట్టిన అతుకు పైకి మెరవకుండా బూడిద రంగులో గరుకుగా ఉంటుంది, పదిరోజులు నడిచి నీళ్లు పారే రోజునే వదిలేస్తుంది. దుకాణంలో అడగండి, "అన్నా, నీ దగ్గర స్టేషన్ ఉందా?" అని. మీరు అడిగితే మేం కొంటాం. ఆ పనికి యాభై రూపాయలు ఎక్కువ అడిగితే కసురుకోకండి.

పొగ గురించి. సోల్డర్ వైరులో ఉండే రోజిన్ కాలి వచ్చే తెల్ల పొగ ఏళ్ల తరబడి పీలిస్తే ఉబ్బసం పట్టుకునే ప్రమాదం ఉంది. సీసం ఆ పొగలో పెద్దగా ఉండదు, అది వేళ్లకు అంటుకుని, ఆ వేళ్లతోనే తుంచిన రొట్టెతో కడుపులోకి పోతుంది. పాత కంప్యూటర్‌లోని 12 వోల్టుల ఫ్యాన్ ఒకటి బెంచీ పక్కన పెట్టి పొగను బయటికి లాగించండి. తినేముందు సబ్బు పెట్టి చేతులు కడగండి, దుకాణంలో పని నేర్చుకునే పిల్లల చేత కూడా కడిగించండి.

వేడి సంగతి మరిచిపోకండి. సీసమున్న సోల్డర్‌కు 320 నుంచి 350, సీసం లేనిదానికి 350 నుంచి 380 చాలు. పని ఆగితే స్విచ్చి తీసేయండి. బిట్టును ఇత్తడి పీచులో తుడిచి, మొన మీద కాస్త కొత్త సోల్డర్ ఉంచి పెట్టండి. ఆకురాయిని ఇంటికి పంపేయండి.

ముగ్గురు కలిసి కొనడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు పక్క దుకాణంవాళ్లతో ఈ వారమే మాట్లాడుకోండి. హైదరాబాద్ పోయేవాళ్లు ముందు రోజు చెప్తే మిగతావాళ్ల బిట్లు, హీటర్లు కూడా ఒకే బిల్లు మీద తెచ్చుకోవచ్చు. ఇప్పటికే స్టేషన్ ఉన్న అన్నలు లేనివాళ్లను ఒక సాయంత్రం పిలిచి చూపించండి. వచ్చేవాళ్లు ఎక్కువ చోటు పట్టని సరుకు ఒక్కటి తెచ్చుకోండి: మీ చేతిలో ప్యాడ్ లేచిపోయిన పాత బోర్డు. దాని మీదే జాక్ కాలు ఎన్ని సెకన్లలో వదులుతుందో చూద్దురు గాని.

— తోటి పనివాడు, దెగ్లూర్