ఏ పిస్తోలు కొనాలి అని అడిగే ముందు

గ్లాకా, సిగ్గా, స్మిత్ అండ్ వెస్సనా? ఈ ప్రశ్న మా కొడవలూరులో ఎవరికీ రాదు. మా వైపు తుపాకీ అంటే బ్యాంకు గార్డు భుజానికి వేలాడే డబుల్ బ్యారెల్, లేదంటే ఎప్పుడో లైసెన్సు తీసుకున్న ఏ పెద్ద రైతు ఇంట్లోనో బీరువాలో ఉండేది. ఎన్నికలొస్తే అది కూడా పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాల్సిందే. కానీ మా వైపు నుంచి అమెరికా పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇప్పుడు ప్రశ్న అటు నుంచి వస్తోంది.

టెక్సాస్‌లో ఉండే మా బామ్మర్దికి గ్రీన్ కార్డు వచ్చింది. "బావా, నువ్వు మిక్సీ కొనాలన్నా నెల రోజులు చదువుతావు గదా, కాస్త చదివి ఏది మంచిదో చెప్పు. నడుముకి పెట్టుకోడానికీ పనికి రావాలి, పోటీల్లో కాల్చుకోడానికీ పనికి రావాలి" అన్నాడు. చదివాను. చదివాక నాకు తేలిందేమిటంటే, ఈ రకం పిస్తోలు విషయంలో బ్రాండు అనేది ఆఖరి ప్రశ్న. ఎంత సాధన చేస్తాం, ఇంట్లో ఎవరెవరున్నారు అన్నవే మొదటి ప్రశ్నలు. ఎందుకో చెబుతాను.

పాతకాలం పిస్తోళ్ళకి వెనకాల బయటికి కనపడే సుత్తి ఉంటుంది. మన పోలీసులకి ఇచ్చే ఇషాపూర్ తయారీ 9 ఎం.ఎం. పిస్తోలు అలాంటిదే, బ్రౌనింగ్ హై పవర్‌కి నకలు. మొత్తం ఉక్కు, పక్కన బొటనవేలితో దించే సేఫ్టీ మీట. స్ట్రైకర్ పిస్తోలుకి ఆ సుత్తి ఉండదు. స్ప్రింగుతో నడిచే ఒక చిన్న ఉక్కు ముక్క లోపలే ఉండి, ముందుకు దూకి తూటాని కొడుతుంది. పిడి, చట్రం గట్టి ప్లాస్టిక్, అదే పాలిమర్. 1970లోనే జర్మనీ వాళ్ళు వీపీ70 పేరుతో ఇలాంటిది చేశారు గానీ, దీన్ని ప్రపంచానికి అలవాటు చేసింది ఆస్ట్రియాకి చెందిన గాస్టన్ గ్లాక్. అంతకు ముందు కర్టెన్ రాడ్లూ కత్తులూ చేసిన మనిషి. 1982లో ఆస్ట్రియా సైన్యం ఆయన పిస్తోలుని తీసుకుంది. 17 తూటాలు పట్టి కూడా ఖాళీ మ్యాగజైన్‌తో 700 గ్రాములే తూగుతుంది.

గ్లాక్‌కి మామూలుగా బయట సేఫ్టీ మీట ఉండదు. మూడు సేఫ్టీలున్నాయి, ఒకటి ట్రిగ్గర్ మీదే, రెండు లోపల. ట్రిగ్గర్ నొక్కగానే మూడూ వరసగా తొలగిపోతాయి. నొక్కితే పేలుతుంది, నొక్కకపోతే పేలదు, అంతే. ఇంజనీరుగా చూస్తే చాలా శుభ్రమైన డిజైన్. కాకపోతే మన కంప్యూటర్లో ఫైలు తీసేసేటప్పుడు "నిజంగానేనా?" అని అడుగుతుందే, ఆ అడగడం ఇందులో లేదు. ఆ బాధ్యత వేలికీ, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే ఒరకీ బదిలీ అయిపోయింది. పైగా గ్లాక్‌ని శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. లోపల తూటా లేదని చూడకుండా నొక్కారో, అయిపోయింది. స్మిత్ అండ్ వెస్సన్ ఎం అండ్ పీనీ, సిగ్ పీ320నీ ట్రిగ్గర్ నొక్కకుండానే విప్పొచ్చు. ఇలాంటి తేడాలు చూడాలి గానీ, రంగూ సినిమాలో హీరో చేతిలో ఉండటమూ కాదు.

ఇక డ్యూటీ సంగతి. పొరపాటున పేలుతుందేమోనన్న భయంతో న్యూయార్క్ పోలీసులు తమ పిస్తోళ్ళకి 12 పౌన్ల బరువైన ట్రిగ్గర్ పెట్టించుకున్నారు. మామూలు గ్లాక్‌కి అయిదున్నర పౌన్లే. ట్రిగ్గర్ అంత బరువైతే నొక్కేటప్పుడు గురి కదులుతుంది. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ముందు ఒక హంతకుడి మీద ఇద్దరు పోలీసులు 16 తూటాలు కాలిస్తే, వాటి వల్ల దారినపోయే తొమ్మిదిమంది గాయపడ్డారు. అన్నిటికీ ట్రిగ్గరే కారణమని నేననను. కానీ తర్ఫీదు చేయాల్సిన పనిని స్ప్రింగుకి అప్పజెప్పకూడదని మాత్రం అంటాను. మన దగ్గర ఎన్.ఎస్.జి. కమాండోలు గ్లాక్ వాడతారు. హైదరాబాద్‌లోని ఐకామ్ సంస్థ యూఏఈకి చెందిన కారకల్ కంపెనీతో కలిసి చిన్న ఆయుధాల తయారీకి దిగింది. రేపు మన జిల్లా పోలీసులకీ పాలిమర్ పిస్తోళ్ళొస్తే సంతోషమే, కానీ వాటితో పాటు సాధనకి తూటాల బడ్జెట్ కూడా రావాలి. లేకపోతే పాత ఉక్కు పిస్తోలే నయం, దానికి కనీసం మీటైనా ఉంది.

"సైన్యం వాడుతోంది కాబట్టి మంచిదే" అనే వాదన కూడా పూర్తిగా నమ్మొద్దు. 2017 జనవరిలో అమెరికా సైన్యం సిగ్ పీ320 రకాన్ని ఎంచుకుంది. అదే ఏడు ఆగస్టులో, మామూలు జనానికి అమ్మిన పీ320 కొన్ని కోణాల్లో కిందపడితే పేలుతోందని తేలి, కంపెనీ ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. తర్వాత ట్రిగ్గర్ ముట్టకుండానే పేలిందని కేసులు పడ్డాయి. కంపెనీ కాదంటూనే ఉంది గానీ, 2024లో జార్జియాలో, ఫిలడెల్ఫియాలో జ్యూరీలు కంపెనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చాయి.

పోటీల లెక్క వేరు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం తెచ్చింది. ఆ పోటీలో వాడేది .22 తూటా పిస్తోలు, గ్లాక్ లాంటి వాటికి అక్కడ చోటు లేదు. పరిగెడుతూ కాల్చే ఐపీఎస్‌సీ తరహా పోటీల్లోనే వీటి హవా. అక్కడ గెలవాలనుకునేవాళ్ళు నిబంధనలు ఒప్పుకున్నంత వరకూ ట్రిగ్గర్‌ని తేలిక చేయించుకుంటారు. రేంజ్‌లో అది బానే ఉంటుంది. అదే పిస్తోలు నడుముకి పెట్టుకుని బజారుకెళ్ళడం మాత్రం తెలివితక్కువతనం. అంచేత "ఒకటే అన్నిటికీ" అనే ఆలోచన ఇక్కడే తెగిపోతుంది.

మరి నడుముకి పెట్టుకునే సంగతి? ఇండియాలో మామూలు పౌరుడికి 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు, .32 లాంటి వాటితో సరిపెట్టుకోవాలి. 2019 సవరణతో లైసెన్సు మీద మూడుండే తుపాకులు రెండుకి తగ్గాయి. నాకైతే ఇది సబబే అనిపిస్తుంది. అమెరికాలో హెచ్1బీ మీదున్నవాళ్ళు వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులుంటే తప్ప తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఇది తెలియనివాళ్ళు మనలో చాలామంది. గ్రీన్ కార్డుంటే కొనొచ్చు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, అర్హత ఉన్నవాళ్ళు పర్మిట్ లేకుండానే నడుముకి పెట్టుకోవచ్చు కూడా.

మనవాళ్ళ భయం ఉత్తది కాదు. 2017లో కాన్సస్‌లోని ఒలేథ్‌లో మన తెలుగు ఇంజనీరుని ద్వేషంతో కాల్చి చంపారు. కానీ స్నేహితుడితో కూర్చుని ఉన్న మనిషి మీదికి అలా వస్తే, నడుము దగ్గరిది తీసే వ్యవధి ఎక్కడుంటుంది? ఇంకో వైపు, 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి పుట్టినరోజు నాడే కొత్త వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడు. బయటి శత్రువు గురించి ఆలోచించినంతగా మనం ఇంట్లో ఉన్న వస్తువు గురించి ఆలోచించం.

మా బామ్మర్దికి అయిదేళ్ళదొకటి, ఎనిమిదేళ్ళదొకటి, ఇద్దరు పిల్లలు. అందుకే నడుముకి వద్దన్నాను. సరదా ఉంటే రేంజ్‌లో అద్దెకి తీసుకుని ఆర్నెల్లు కాల్చు, కోచ్ దగ్గర నేర్చుకో. అప్పటికీ కావాలనిపిస్తే ముందు ఇనప లాకరు కొను, తర్వాత మంచి ఒర కొను, ఆఖర్న పిస్తోలు కొను అని చెప్పాను. పిల్లలకి అందేలా తుపాకీ వదిలేస్తే టెక్సాస్‌లో కూడా నేరమే.

తానా, ఆటా సభల్లో వీసాల గురించీ, టాక్సుల గురించీ చెప్పించే పెద్దలు ఈ విషయానికి కూడా ఒక గంట కేటాయిస్తే బావుంటుంది. ఏది కొనాలో చెప్పడానికి షాపువాడున్నాడు. ఎప్పుడు కొనకూడదో మనవాళ్ళే చెప్పాలి. మీరేమంటారు?