తెరిచిన వడపోతకు స్వస్తి చెప్పాలి

బల్క్ డ్రగ్ కర్మాగారాల్లో హైడ్రోజనేషన్ ముగిశాక ఉత్ప్రేరకాన్ని మూత తీసే ఫిల్టర్లలో గుడ్డ మీద వడకట్టి, ఆ ముద్దను మనుషుల చేత ఎత్తించే పద్ధతిని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ఔషధ పరిశ్రమ ఒక గడువు పెట్టుకొని మానుకోవాలని, దాని స్థానంలో లోహపు పొడిని కాల్చి అతికించి చేసిన ఫిల్టర్లను మూసిన పాత్రల్లో అమర్చుకోవాలని కోరడం ఈ కరపత్రం ఉద్దేశం. ఈ మాట యజమానులకు ఎంత చెందుతుందో, ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు, కార్మిక సంఘాలకు, యంత్రాలకు అప్పులిచ్చే బ్యాంకులకు కూడా అంతే చెందుతుంది.

హైడ్రోజనేషన్ అంటే ఉత్ప్రేరకం సాయంతో ఒక రసాయనానికి హైడ్రోజన్ వాయువును జతచేసే చర్య. ఉత్ప్రేరకం అంటే చర్యను వేగంగా నడిపించి తాను ఖర్చు కాకుండా మిగిలే పదార్థం. నైట్రో సమూహాన్ని అమైన్‌గా మార్చడానికి, తయారీ మధ్యలో రక్షణ కోసం తగిలించిన బెంజైల్ సమూహాన్ని ఊడదీయడానికి ఔషధ రసాయన శాస్త్రంలో దీనికి సాటి వచ్చే శుభ్రమైన మార్గాలు తక్కువ. పారాసిటమాల్‌కు ముందుమెట్టయిన పారా అమైనో ఫినాల్‌ను ఇనుపరజను, ఆమ్లం వాడి తయారుచేస్తే టన్నులకొద్దీ ఇనుప బురద మిగులుతుంది. హైడ్రోజన్‌తో చేస్తే పక్కఫలంగా వచ్చేది నీరు. 1960లలో ప్రభుత్వ ఔషధ సంస్థ ఐడీపీఎల్ రాకతో హైదరాబాద్‌లో వేళ్లూని, జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం మీదుగా విశాఖ దగ్గరి పరవాడ, అచ్యుతాపురం దాకా విస్తరించిన ఈ పరిశ్రమను హైడ్రోజనేషన్ వదులుకోమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. చిక్కంతా చర్య ముగిసిన తర్వాతి గంటలో ఉంది.

ఈ పనికి వాడే ఉత్ప్రేరకాల్లో రెండు ముఖ్యమైనవి. మొదటిది పల్లాడియం కార్బన్, అంటే యాక్టివేటెడ్ కార్బన్ పొడి మీద సాధారణంగా 5 లేదా 10 శాతం పల్లాడియం లోహాన్ని అతి సన్నని రేణువులుగా నిలిపిన నల్లని పొడి. రెండోది రానీ నికెల్. అమెరికా ఇంజనీరు మరే రానీ వంటనూనెలను గట్టిపరచడానికి, అంటే మన వనస్పతి వంటి సరుకు తయారీకి, దీన్ని రూపొందించి 1927లో పేటెంటు పొందాడు. నికెల్, అల్యూమినియం మిశ్రలోహాన్ని కాస్టిక్ సోడాలో వేసి అల్యూమినియంను కరిగించేస్తే లోపలంతా గుల్లబారిన నికెల్ మిగులుతుంది. రెండింటి సత్తువా వాటి విపరీతమైన ఉపరితలంలోనే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. రానీ నికెల్ ఆరితే చాలు, నిప్పురవ్వ అక్కర లేకుండా గాలి సోకి అంటుకుంటుంది, అందుకే దాన్ని నీటి అడుగున నిల్వచేస్తారు. వాడిన పల్లాడియం కార్బన్ హైడ్రోజన్‌ను తనలో పట్టి ఉంచుకొని, గాలిలోని ఆక్సిజన్ తగలగానే ఎర్రగా కణకణలాడగలదు. దాని చుట్టూ ఉండే ద్రావణి చాలా సందర్భాల్లో మిథనాల్. దాని ఫ్లాష్ పాయింట్, అంటే ఉపరితలం మీది ఆవిరి నిప్పు తగిలితే అంటుకునేంతగా చేరే ఉష్ణోగ్రత, దాదాపు 11 డిగ్రీల సెల్సియస్ కాబట్టి, మన ప్రాంతంలో చలికాలపు కొన్ని తెల్లవారుజాములు తప్ప ఏడాది పొడవునా అది అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. పైగా మిథనాల్ మంట పగటి వెలుగులో సరిగా కంటికి ఆనదు, వేడి తగిలాకగాని మనిషి వెనక్కి జరగడు.

కర్మాగారాల్లో నట్ష్ ఫిల్టర్ అని పిలిచేది అడుగున చిల్లుల పళ్లెం, దాని మీద వడపోత గుడ్డ, కింద వాక్యూమ్ ఉన్న వెడల్పాటి తొట్టె. రియాక్టర్ నుంచి దించిన ద్రవం కిందికి దిగిపోతే ఉత్ప్రేరకం గుడ్డ మీద నల్లని ముద్దగా, కార్మికుల మాటలో కేకుగా నిలుస్తుంది. ద్రవం దిగిపోయే చివరి నిమిషాల్లో కేకు అంచుల దగ్గర విడిపోయి నెర్రెలిస్తుంది, వాక్యూమ్ ఆ నెర్రెల గుండా గాలిని గుంజుతుంది, గుడ్డ మడత పడిన మూల అన్నిటికంటే ముందు ఆరుతుంది. గాలిని దూరంగా ఉంచే నైట్రోజన్ సరిగా అందుతూ, పైన వెంటనే నీళ్లు పట్టి, తడి ఆరకముందే కేకును ఎత్తి నీళ్లున్న డ్రమ్ములో వేస్తే ఆ బ్యాచ్‌కు గండం గడుస్తుంది. అయితే ఇదంతా రాత్రి షిఫ్టులో మూత తీసిన తొట్టె మీదికి వంగి స్కూపుతో ముద్దను ఎత్తే ఒక హెల్పర్ చురుకుదనం మీద ఆధారపడి ఉంటుంది, అతను తరచూ కాంట్రాక్టు కార్మికుడై, తాను ఎత్తుతున్నది ఏమిటో పేరైనా తెలియని వాడై ఉంటాడు. మూత తీసిన క్షణంతోనే నైట్రోజన్ కాపుదల సగం పోయినట్టే. విప్పి పక్కన పడేసిన గుడ్డ సైతం, దాని కుట్లలో చిక్కిన పొడి ఆరాక, ఎవరూ చూడని వేళ రాజుకోగలదు.

గుడ్డ గుండా సన్నపొడి జారకుండా ముందుగా హైఫ్లో పొర వేయడం మరో అలవాటు. డయాటమ్‌లనే సూక్ష్మ జలజీవుల సిలికా గుల్లలు పేరుకొని ఏర్పడిన మట్టిని కాల్చి చేసిన పొడి ఇది. వడపోతకు మంచి సరుకే అయినా, సోడా కలిపి కాల్చిన రకాల్లో సిలికా చాలావరకు క్రిస్టోబలైట్ అనే స్ఫటిక రూపంలోకి మారుతుంది. పని చోట్ల స్ఫటిక సిలికా ధూళిని పీల్చడం మనుషుల్లో క్యాన్సర్‌కు దారితీస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే నిర్ధారించింది. సంచి కోసి కుమ్మరించే మనిషి ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు ఈ ధూళిని ఆపదు. హైఫ్లో కలిసిన పల్లాడియం నుంచి లోహాన్ని తిరిగి రాబట్టడం కూడా కష్టతరమవుతుంది.

హైఫ్లో పొర ఒత్తిడి మారినప్పుడు కదలడం, చీలడం, ఎదురుదిశలో కడగడానికి వీల్లేకపోవడం, ఇవన్నీ దాని రేణువులు విడివిడిగా ఉండటం వల్ల వచ్చే లోపాలు. రేణువులను ఒకదానికొకటి అతికించి గట్టి గోడగా నిలబెట్టగలిగితే ఈ లోపాలు పోతాయి. లోహపు పొడిని అచ్చులో నింపి సమానంగా నొక్కి, ఆ లోహం కరిగే స్థాయికి దిగువన, శూన్యంలో గానీ హైడ్రోజన్‌లో గానీ కాలిస్తే, రేణువులు తాకిన చోట పరమాణువులు అటూ ఇటూ పాకి మెడలాంటి అతుకు ఏర్పడుతుంది. దీన్నే సింటరింగ్ అంటారు. ఆవంలో కుండ గట్టిపడటం దీనికి దూరపు చుట్టం. దాదాపు 1,400 డిగ్రీల దగ్గర కరిగే 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలును ఫిల్టర్ల కోసం సుమారు 1,100 నుంచి 1,300 డిగ్రీల మధ్య కాలుస్తారు. అలా తయారైన గొట్టం చేతికి గరుకుగా, బూడిద రంగులో, మామూలు ఉక్కు గొట్టం కంటే తేలికగా ఉంటుంది. భూతద్దంతో చూస్తే గింజ గింజా విడిగా కనిపిస్తుంది, గింజల మధ్య సందులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకొని వంకర దారులుగా గోడ దాటుతాయి. గోడ పరిమాణంలో మూడో వంతు నుంచి సగం దాకా ఖాళీయే. పొడి ఎంత సన్నమైతే రంధ్రం అంత చిన్నదవుతుంది కాబట్టి, మిల్లీమీటరులో వెయ్యో వంతైన మైక్రాన్ కంటే తక్కువ నుంచి 100 మైక్రాన్ల దాకా కావలసిన మేరకు రంధ్రాన్ని ఎంచుకోవచ్చు.

ఈ విద్య కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో యురేనియం ఐసోటోపులను వేరుచేసిన వాయు వ్యాపన కర్మాగారపు తెరలకు నికెల్ పొడినే సింటర్ చేశారు. గాలి ఒత్తిడితో నడిచే యంత్రాల కవాటాలకు బిగించే పసుపురంగు చిన్న సైలెన్సర్ కంచు గుండ్లను అతికించి చేసిందే; దాన్ని రోజూ బిగించే ఫిట్టర్లకు అది ఫిల్టర్ జాతిదని తెలియకపోవచ్చు.

ఇలాంటి గొట్టాలను కట్టగా ఒక మూసిన పాత్రలో నిలబెట్టి, హైడ్రోజనేటర్ నుంచి ద్రవాన్ని నైట్రోజన్ ఒత్తిడితో నేరుగా పంపితే, ద్రవం గోడ దాటి లోపలికి పోతుంది, ఉత్ప్రేరకం బయటి ముఖాన నిలుస్తుంది. తొలి నిమిషాల్లో కొంత సన్నపొడి దాటవచ్చు గనుక ఆ ద్రవాన్ని మళ్లీ పాత్రలోకే తిప్పి, ఉత్ప్రేరకం తానే పలుచని పొరగా కట్టి వడపోతను చేపట్టాక స్వచ్ఛమైన ద్రవాన్ని ముందుకు వదులుతారు. చివర్లో ఎదురుదిశ నుంచి ద్రావణిని గానీ నైట్రోజన్‌ను గానీ ఒక్కసారిగా కొడితే పొర ఊడి అడుగుకు జారి, చిక్కటి ద్రవంగా గొట్టం గుండా తర్వాతి బ్యాచ్ కోసం హైడ్రోజనేటర్‌కే తిరిగి వెళ్తుంది. గాలి గానీ మనిషి చేయి గానీ దానికి తగిలే సందర్భమే రాదు.

దీనిపై వినిపించే అభ్యంతరాలు కొట్టిపారేయదగినవి కావు. నట్ష్ తొట్టె, గుడ్డతో పోలిస్తే ఈ ఫిల్టర్ ఖరీదు చాలా ఎక్కువ. రంధ్రం కంటే సన్నని పొడి గోడ లోపలికి చొరబడి ఇరుక్కుంటే గొట్టం పూడుకుపోతుంది, ఇది కూడా అనుభవంలో ఉన్న సంగతే. అయితే ఎక్కువ ప్రవాహం వస్తుందన్న ఆశతో పెద్ద రంధ్రం ఎంచుకోవడం ఈ పూడికకు తరచూ కారణమవుతుంది. ఉత్ప్రేరకంలోని సన్నపొడి పరిమాణాన్ని ముందుగా కొలిచి, దానికి తగిన చిన్న రంధ్రం తీసుకుంటే పొర పైనే నిలిచి ఎదురుదెబ్బకు ఊడుతుంది. క్లోరైడ్లు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న చోట 316ఎల్ తట్టుకోలేక తుప్పుపడుతుంది, అక్కడ నికెల్ ప్రధానమైన హాస్టెల్లాయ్ వంటి మిశ్రలోహాలు కావాలి, వాటి ధర ఇంకా ఎక్కువ. అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఒకే బ్లాకులో అనేక మందులు తయారుచేసే చిన్న సంస్థలది: ఒక మందు ఆనవాలు రంధ్రాల్లో మిగిలి మరో మందులో కలిస్తే ఆ బ్యాచ్ మొత్తం వృథా. దీనికి తగిన జవాబు ఒక్కొక్క ఉత్పత్తికి ఒక్కొక్క గొట్టాల జతను కేటాయించడమే, ఆ ఖర్చును దాచి మాట్లాడటం నిజాయితీ కాదు.

ఖర్చు లెక్క వేసేటప్పుడు రెండో వైపు కూడా చూడాలి. 10 శాతం పల్లాడియం ఉన్న కిలో ఉత్ప్రేరకంలో, తడి బరువు తీసేస్తే, 100 గ్రాముల పల్లాడియం ఉంటుంది, 2020లో గ్రాము పల్లాడియం సగటున గ్రాము బంగారం కంటే ఎక్కువ ధర పలికింది. గుడ్డకు అంటి, స్కూపు నుంచి రాలి, నేల కడిగిన నీళ్లతో కలిసి పోయే ప్రతి చిటికెడూ ఈ లెక్కలోదే. గుడ్డను దాటి మందులోకి జారే పల్లాడియానికి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో గట్టి హద్దు ఉంది: నోటి ద్వారా వేసుకునే మందుతో రోగి శరీరంలోకి రోజుకు 100 మైక్రోగ్రాములు, ఇంజెక్షన్‌తో అయితే 10 మైక్రోగ్రాములు మించి చేరకూడదు. అమెరికా, ఐరోపాలకు ఎగుమతి చేసే సంస్థలు ఈ హద్దు కోసం వడపోత తర్వాత మళ్లీ మళ్లీ కార్బన్ శుద్ధి చేస్తూ సరుకును పోగొట్టుకుంటున్నప్పుడు, మొదటి వడపోతనే గట్టిగా చేసుకోవడం దండుగ కాదు.

ఫిల్టర్ కొన్నంత మాత్రాన పని అయిపోదు, అది చెప్పిన రంధ్రంతోనే ఉందని పరీక్షించాలి. గొట్టాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి ముంచి, లోపలి నుంచి గాలి ఒత్తిడిని మెల్లగా పెంచుతూ పోతే, అన్నిటికంటే పెద్ద రంధ్రం ఉన్న చోట మొదటి బుడగ లేస్తుంది. ఆ ఒత్తిడే రంధ్రం కొలత చెబుతుంది: 10 మైక్రాన్ల రంధ్రానికి వాతావరణ పీడనంలో పదో వంతు కంటే కాస్త తక్కువ చాలు, 2 మైక్రాన్ల రంధ్రానికి దానికి ఐదు రెట్లు కావాలి. లోహపు ఫిల్టర్ల కోసం ఐఎస్ఓ 4003 అనే ప్రమాణం ఈ పరీక్షను నిర్దేశిస్తుంది. బకెట్టంత పాత్ర, ప్రెషర్ గేజీ ఉంటే చాలు, వెల్డింగు పగిలిన గొట్టం, తుప్పుకు చిల్లుపడిన గొట్టం ఇందులో ఇట్టే బయటపడతాయి. ఈ పరీక్ష చేయకుండా ఫిల్టర్ బిగించే సంస్థ డబ్బు పెట్టి కూడా భద్రత కొనుక్కోలేదన్నమాట. పొడి లోహ శాస్త్రంపై పనిచేసే ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం హైదరాబాద్ బాలాపూర్‌లోనే ఉండగా, చిన్న సంస్థల గొట్టాలకు ఉమ్మడి పరీక్షా సదుపాయం, తుప్పు తట్టుకునే దేశీయ గొట్టాల అభివృద్ధి ఇక్కడే జరగాలని రాష్ట్ర ప్రభుత్వాలు ఆ సంస్థను కోరడం ఎంతో సబబు.

చట్టంలో ఈ ఆలోచనకు ఎన్నడో చోటు దొరికింది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టపు 37వ సెక్షన్ పేలే స్వభావం ఉన్న ధూళి, వాయువు, ఆవిరి వెలువడే చోట యంత్రాన్ని సమర్థంగా మూసి ఉంచడాన్ని తీసుకోవలసిన జాగ్రత్తల్లో మొదటిదిగా పేర్కొంది. భోపాల్ విషాదం తర్వాత 1987లో చేర్చిన అధ్యాయం కార్మికులకు ప్రమాదకర పదార్థాల వివరాలు చెప్పాలని, యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో కూర్చునే భద్రతా కమిటీలు ఉండాలని, ఆసన్న ప్రమాదాన్ని గుర్తించిన కార్మికుడు హెచ్చరించే హక్కు కలిగి ఉండాలని రాసింది. కొరవడింది చట్టం ఉద్దేశాన్ని ఫలానా యంత్రానికి, ఫలానా పనికి అన్వయించి చెప్పే నిబంధన. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో ద్రావణి ఆవిరి పేలి 17 మంది, 2025 జూన్‌లో పాశమైలారం పేలుడులో 40 మందికి పైగా మరణించారు. ఆ రెండు దుర్ఘటనలూ ఉత్ప్రేరకం వడపోతలో జరిగినవి కావు. ఆ మృతుల పేరు చెప్పి ఈ వాదనకు బలం తెచ్చుకోవడం తగదు. అవి జరిగాక రెండు రాష్ట్రాల్లోనూ ఫ్యాక్టరీల భద్రత గురించి చర్చ లేచింది గనుక, ఆ చర్చలో ఈ అంశమూ చేరాలని అడగడం మాత్రం న్యాయమే.

కొత్తగా అనుమతి కోరే హైడ్రోజనేషన్ బ్లాకులకు మూసిన వడపోత తప్పనిసరి షరతు కావాలి. నడుస్తున్న బ్లాకుల్లో ఉత్ప్రేరకాన్ని ఎక్కువగా వాడే పెద్ద సంస్థలు ముందు, చిన్నవి తర్వాత మారేలా రెండు మూడేళ్ల గడువు సరిపోతుంది. ఆ మార్పుకు అప్పు కోరే చిన్న సంస్థలకు వడ్డీ భారం కొంత ప్రభుత్వం మోయాలి. మారేలోగా మూత తీసిన తొట్టె దగ్గర శిక్షణ లేని కాంట్రాక్టు కార్మికుణ్ణి నిలబెట్టడాన్ని తనిఖీ శాఖ ఆ రోజుకారోజే ఆపించాలి. ఉత్పత్తి నష్టమన్న మాట ఇక్కడ చెల్లదు.

ఈ కరపత్రం చేరిన ప్రతి కర్మాగారంలోని భద్రతా కమిటీ తన తర్వాతి సమావేశపు ఎజెండాలో మొదటి అంశంగా ఒక ప్రశ్నను రాసి, జవాబును మినిట్స్‌లో నమోదు చేయించాలని కార్మిక సంఘాలకు విజ్ఞప్తి: గడచిన బ్యాచ్‌లో ఉత్ప్రేరకాన్ని ఎవరు ఎత్తారు, అప్పుడు తొట్టె మూత తెరిచి ఉందా, మూసి ఉందా?