పాసు ఉచితమే, పడవో?

ప్రత్యేక ఆర్థిక మండలం (ఈఈజెడ్)లో చేపల వేటకు కేంద్రం 2025 నవంబరు 4న నోటిఫై చేసిన నిబంధనల గురించి ఢిల్లీ నుంచి ఒకే మాట పదేపదే వినిపిస్తోంది: లోతు సముద్రంలో తొలి ప్రాధాన్యం మత్స్యకారుల సహకార సంఘాలదేనని. విశాఖ వన్ టౌన్ పక్కన ఫిషింగ్ హార్బర్‌లో ఈ మాట నమ్మేవాళ్లను వెతుక్కోవాల్సిందే. ఢిల్లీ చెప్పేది నిజం కాదు. ఆ సంగతి చెప్పేవాళ్లకూ తెలియకపోదు.

ఈ నిబంధనల్లో ఎల్‌ఈడీ దీపాల వేటను, జంట ట్రాలింగ్‌ను నిషేధించారు, మంచిదే. సూర (ట్యూనా) చేపను మనం పట్టకపోతే పరాయి దేశాల నౌకలు పట్టుకుపోతాయన్న వాదనలోనూ బలముంది.

ఈఈజెడ్‌లో వేటకు పడవలు తీసుకోవాల్సిన యాక్సెస్ పాసుకు పైసా ఫీజు లేదంటున్నారు. పడవ ఎవరు కొంటారు? ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లోతు సముద్రపు పడవకు లెక్కగట్టిన ధర 1.2 కోట్ల రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు సబ్సిడీ 60 శాతం, మిగతావారికి 40. మన తీరంలో వేటకు పోయే వాడబలిజలు, జాలర్లు బీసీలు. అంటే 40 శాతం సబ్సిడీ పోను 72 లక్షలు సొంతంగా తెచ్చుకోవాలి. పెదజాలారిపేట నుంచి ఫైబర్ పడవలో వెళ్లి గేలంతో సూరను పట్టే మనిషి బ్యాంకు మేనేజరు ముందు హామీగా ఏం పెడతాడు? వేట నిషేధం సాగే 61 రోజులూ ఇల్లు గడవదనే కదా రాష్ట్ర ప్రభుత్వం అతని చేతిలో 20 వేలు పెడుతోంది! ఆ మనిషికి కోటి రూపాయల పడవను చూపించి, వరుసలో ముందు నువ్వే అనడం వెటకారం.

మరి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? సంఘం పేరు మత్స్యకారులది, పెట్టుబడి మరొకరిది. 2002 తర్వాత లోతు సముద్రపు వేటకు ఇచ్చిన లెటర్ ఆఫ్ పర్మిషన్ పేరిట జరిగిన తంతు గుర్తుందా? కాగితాల మీద భారతీయ కంపెనీ, పైన భారత జెండా, కింద తైవాన్‌లో కట్టిన లాంగ్‌లైనర్ నౌక. చేప నడిసముద్రంలోనే చేతులు మారుతోందని మత్స్యకార సంఘాలు ఏళ్ల తరబడి మొత్తుకున్నాయి. 2017లో కేంద్రమే ఆ అనుమతులను రద్దు చేయాల్సి వచ్చింది. ఇప్పుడు అదే బదిలీకి తల్లి నౌక, పిల్ల పడవ అని ముద్దుపేరు పెట్టి నిబంధనల్లోకి ఎక్కించారు. నిఘా ఉంటుందట! ఒడ్డు కనబడని చోట తూకం ఎవరు చూస్తారు?

సూర జెట్టీ మీద దిగితే ఏం జరుగుతుందో ఢిల్లీ అధికారులు ఒక్క తెల్లవారుజామున వచ్చి చూడాలి. ఇద్దరు కళాసీలు పట్టి పైకి లాగుతారు. బేరగాడు తోక దగ్గర కోసి కండ ఎర్రగా ఉందో లేదో చూస్తాడు. ఐసు చాలక రంగు తిరిగితే ధర పడిపోతుంది. కాటా, వేలం, ఐసు మోసేవాళ్లు, తట్టలతో కాచుకున్న ఆడవాళ్లు, ఆటోలవాళ్లు... అందరూ ఆ చేప మీదే బతుకుతారు. నడిసముద్రంలో తల్లి నౌకకు ఎక్కిన చేపలో వీళ్లెవరికీ వాటా రాదు. సహకార సంఘం పేరున్న నౌక పట్టినా అంతే.

మితిమీరిన వేటతో తూర్పు అట్లాంటిక్, మధ్యధరాల్లో బ్లూఫిన్ ట్యూనా కుదేలైనప్పుడు అంతర్జాతీయ ట్యూనా సంరక్షణ సంస్థ ఐక్యాట్ చేసిన పనుల్లో ఒకటి సముద్రం మీద చేప బదిలీని నిషేధించడం. నిర్ణీత రేవుల్లోనే దించాలన్నారు, పట్టిన చేపకు పత్రం ఉండాలన్నారు. ఆ చేప కోలుకుంది. సంపన్న దేశాల నౌకలనే నమ్మలేక మూసిన తలుపును మనం నిబంధన రాసి మరీ తెరుస్తున్నాం.

నడిసముద్రపు బదిలీని కొట్టేయాలి. పట్టిన ప్రతి సూరా మన హార్బర్లలోనే దిగాలి. 24 మీటర్లు దాటిన నౌకలో పెట్టుబడి ఎవరిదో పాసులిచ్చే పోర్టల్‌లో ఎవరైనా చూసేలా ఉంచాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సవరణ నోటిఫికేషన్ చాలు. రాష్ట్ర ఎంపీలు దాన్ని అడగాలి. అడగలేకపోతే ఎవరి తరఫున ఢిల్లీలో కూర్చున్నారో హార్బర్‌కు వచ్చి చెప్పాలి.