దేశరక్షణలో మన వాటా, మన హక్కు

2025 మే 7న దేశంలోని 244 పౌర రక్షణ జిల్లాలలో మాక్ డ్రిల్ జరపాలని కేంద్ర హోంశాఖ ఆదేశించింది. సైరన్ మోగితే ఎక్కడ తలదాచుకోవాలి, దీపాలు ఎప్పుడు ఆర్పాలి, క్షతగాత్రులను ఎలా తరలించాలి అన్నవి ఆనాటి పాఠాలు. రెండు రోజులకే, మే 9న, పూర్వపు అనంతపురం జిల్లాలోని గోరంట్ల మండలం కళ్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ సరిహద్దులో అమరుడైన వార్త వచ్చింది. సరిహద్దుకు ఎంతో దూరాన ఉన్న ఈ కరువు నేలకు యుద్ధం ఒక సుగాలి బిడ్డ శవపేటికగా చేరింది. ఆ తల్లిదండ్రుల దుఃఖం మా దుఃఖం.

యుద్ధానికి ఇంటిని సిద్ధం చేయడమంటే సైరన్లు మోగించడం ఒక్కటే కాదు. గింజలు, గుడ్డ, కూలి, వీటన్నిటికీ మించి పొరుగువారి మధ్య నమ్మకం ఉండాలి. ఈ పరీక్ష మన జిల్లాకు కొత్త కాదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలాన్ని గుర్తు చేసుకుందాం. 1940లో ఫ్రాన్సు పతనం కావడంతో మన వేరుశనగకు ఐరోపా మార్కెట్టు మూతపడింది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమై బర్మా బియ్యం ఆగిపోయింది. ‘ఎక్కువ ఆహారం పండించండి’ అని ప్రభుత్వం పిలుపునిచ్చింది. పిలుపునకు పంట రాదు, వానకు వస్తుంది. వాన రాలేదు. 1942-43లో రాయలసీమను కరువు కబళించింది. యుద్ధానికి రైళ్లు కదిలాయి, ధరలు పెరిగాయి, మన పల్లెల జనం కరువు పనులలో కంకర కొట్టారు. 1943లో బట్ట, నూలు కూడా కంట్రోలు కిందికి వచ్చాయి. మగ్గమే ఆధారమైన ఇళ్లకు, దూది ఏకి బతికే దూదేకుల ఇళ్లకు ఇటువంటి కొరత ఎంతటి దెబ్బో వేరుగా చెప్పనవసరం లేదు. ఆకలి మతం అడగలేదు. అయితే భూమి లేనివాడి తలుపే ముందుగా తట్టింది.

ఆ రోజులు మరొక పాఠం కూడా నేర్పాయి. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1940-45 మధ్య అధిక కాలం జైలులోనే గడిపారు. యుద్ధ ప్రయత్నానికి అడ్డు తగిలేవారిగా ఆనాటి ప్రభుత్వం చూసిన వారిలో ఒకరైన ఆయన 1977లో ఈ దేశానికి రాష్ట్రపతి అయ్యారు. ప్రశ్నించినవాడు ద్రోహి కాడని చెప్పడానికి మన జిల్లా చరిత్రే చాలు.

స్వతంత్ర భారతం ఈ పాఠాన్ని పూర్తిగా నేర్చుకోలేదు. 1962లో చైనాతో యుద్ధం రాగానే చైనా సంతతికి చెందిన సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. వారు చేసిన నేరం వారి ముఖకవళికలే. 1965 యుద్ధం వెంట వచ్చిన ‘శత్రు ఆస్తి’ విధానం 1968లో చట్టమైంది. 2017 సవరణతో భారత పౌరులైన వారసులకు కూడా ఆ ఆస్తిపై హక్కు లేకుండా పోయింది. కాల్పులు వారాలలో ఆగుతాయి, అనుమానం మాత్రం చట్టమై తరాలపాటు నిలుస్తుంది.

అదే 1965లో ఖేమ్‌కరణ్ వద్ద శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి అబ్దుల్ హమీద్ ప్రాణమిచ్చారు, పరమవీర చక్ర పొందారు. ఆయనను తలచుకోవడం మనకు గర్వకారణం. కానీ మన పౌరసత్వానికి ఆయన రక్తాన్ని రశీదుగా చూపించవలసిన అగత్యం మనకు లేదు. అతిశయోక్తుల అవసరం అంతకన్నా లేదు. నిజాం అయిదు టన్నుల బంగారం దానమిచ్చారని మనలో కొందరు ప్రచారం చేస్తున్నారు. వాస్తవానికి ఆయన 425 కిలోల బంగారాన్ని ఆరున్నర శాతం వడ్డీ వచ్చే జాతీయ రక్షణ బంగారు పథకంలో పెట్టుబడిగా పెట్టారు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటేనే మన మాటకు విలువ.

కాబట్టి మా మాట ఇది. ఆపద వస్తే రక్తదానానికి, సహాయ శిబిరాలకు మన యువకులు ముందుండాలి. మసీదు కమిటీలు తమ ఆవరణలను అందరికోసం తెరవాలి. నిర్ధారణ కాని వార్తను ఫోనులో మరొకరికి పంపకపోవడం కూడా దేశసేవే. ప్రభుత్వం తన వంతు చేయాలి. రేషను సరుకు, ఉపాధి కూలి ఆగకూడదు. పౌర రక్షణ బృందాలలో మన వస్తీలకూ చోటు ఉండాలి. గడ్డం, బురఖా చూసి వీధిలో దేశభక్తి పరీక్షలు పెట్టేవారిపై చట్టం కదలాలి.

మొహర్రం నాడు గూగూడులో కుళ్లాయిస్వామి పీరు ముందు హిందువులూ ముస్లింలూ కలిసి నిలబడతారు. అక్కడ ఎవరి విశ్వాసాన్ని ఎవరూ తూకం వేయరు. ఈ కరువు నేల దేశరక్షణకు ఇవ్వగలిగిన బలం అదే. దానిని చెడగొట్టినవారు ఏ జెండా పట్టుకున్నా దేశానికి మేలు చేసినవారు కారు.