నీటి రోబో: కడ్డీ పిల్లల చేతికే ఇవ్వండి

మా అమ్మాయి నీటిలో తిరిగే రోబోను తయారుచేయ సంకల్పించినప్పుడు, నీరు చొరని మోటార్లు అంగడిలో దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకని వారించాను. అది నా పొరపాటు.

1997లో హ్యారీ బోమ్, విక్కీ జెన్సెన్ వెలువరించిన పుస్తకం స్ఫూర్తితో ఎం.ఐ.టి. సీ గ్రాంట్ సంస్థ 2003లో సీపెర్చ్ పథకాన్ని రూపొందించింది. అందులో పిల్లలు చిన్న మోటారును డబ్బాలో ఉంచి, చుట్టూ మైనం నింపుతారు. రంధ్రాలను ముందుగా టేపుతో మూయకపోతే ఆ మైనమే లోనికి చొరబడి మోటారును బిగదీస్తుంది. ఒక మోటారును మేమట్లే పోగొట్టుకున్నాము.

స్విచ్చి వెనుక తీగలను అడ్డంగా మార్చి కలిపితే విద్యుత్తు దిశ తిరగబడి మోటారు వెనుకకు తిరుగుతుంది. మా తొలి రోబో కుడికి పొమ్మంటే ఎడమకు పోయింది. నేను సోల్డరింగు కడ్డీ అందుకోబోయాను. "వద్దు నాన్నా, నేనే చూస్తాను" అన్నది. రెండు సాయంత్రాలు పట్టింది. నాకైతే పది నిమిషాల పని, కాని నేర్చుకొనేది నేను కాదు గదా!

తరువాత, 12 వోల్టుల బ్యాటరీ ఉన్నా మోటార్లు నీరసించాయి. 15 మీటర్ల 18 గేజి తీగలో 3 ఆంపియర్లు పోయి రావడానికే దాదాపు 2 వోల్టులు ఖర్చవుతాయి. ఓమ్ సూత్రాన్ని పరీక్షలో ఎన్నడో అప్పజెప్పిన పిల్లకు దాని అర్థం ఈత కొలను గట్టున తెలిసింది.

మన ఇళ్ళలో మార్కులకున్న ఆదరం చేతిపనికి లేదు. వచ్చే వార్షికోత్సవంలో నృత్యానికి వేదిక ఉన్నట్లే, రోబోలకొక నీటితొట్టె ఏర్పరచవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఇంటి విద్యుత్తు దరి చేరరాదు; బ్యాటరీ, దానికొక ఫ్యూజు చాలు. తల్లిదండ్రులు మాత్రం తొట్టెకు పదడుగుల దూరంలో నిలబడాలి.