పప్పుచారు చిక్కబడాలి: నస్పూర్ ఇండ్లకు ఒక విజ్ఞప్తి



మన నస్పూర్, సీసీసీ, శ్రీరాంపూర్ బొగ్గుగని కాలనీల్లో ఇద్దరు కలిస్తే ఇప్పుడు షుగర్ ముచ్చటే. ‘నీకెంతున్నదే?’, ‘అన్నం బంద్ పెట్టి రొట్టె తింటున్న’. ఈ ముచ్చట్లో ప్రొటీన్ అన్న మాట రాదు. వస్తే జిమ్‌కు పోయే పిల్లల పౌడర్ డబ్బా గురించే వస్తుంది. ఆ మాట మన వంటింట్లోకి రావాలనే ఈ విజ్ఞప్తి.

ముందు షిఫ్టుకు కట్టే టిఫిన్ మూత తీసి చూడండి. కింది గిన్నె నిండా ఒత్తిపెట్టిన అన్నం. పై గిన్నెలో పప్పుచారు, ఓ మూలకు మామిడికాయ తొక్కు. చారులో గరిటె తిప్పితే మునక్కాడ ముక్క, టమాట తొక్క, కరివేపాకు పైకొస్తాయి. పప్పు కోసం మాత్రం అడుగంటా దేవాలి. అయినా ‘మేం రోజూ పప్పే తింటం’ అంటాం. వంద గ్రాముల కందిపప్పులో ప్రొటీన్ సుమారు 22 గ్రాములు. దాంతో ఐదుగురికి చారు కాస్తే ఒక్కొక్కరికి దక్కేది నాలుగు గ్రాముల పైచిలుకు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట.

మిగతాది ఎక్కువగా అన్నం నుంచే లాగుతున్నాం. బియ్యంలోనూ ప్రొటీన్ ఉంది, వందకు 8 గ్రాములు. తిప్పలంతా దాని వెంట వచ్చే పిండితోనే. ఓపెన్‌కాస్టులో పనిచేసినవాళ్లకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. టన్ను బొగ్గు కోసం దాని మీద కప్పుకున్న ఓబీ మట్టి ఎంత ఎత్తిపోయాలి అన్నదాన్నిబట్టే ఆ గని గిట్టుబాటు తేలుతుంది. తిండినీ అట్లనే చూద్దాం. ప్రొటీన్ బొగ్గయితే, రక్తంలో చక్కెరగా మారే పిండి ఓబీ.

ఎనిమిది గ్రాముల ప్రొటీన్ కోసం వంద గ్రాముల బియ్యం వండితే వెంట దాదాపు 78 గ్రాముల పిండి వస్తుంది. జొన్నలతో అయితే 50 పైనే. కందిపప్పు, పెసరపప్పు, శనగలతో 20కి అటూఇటూ. అది కూడా పీచుతో కలిసి ఉంటుంది కాబట్టి నెమ్మదిగా అరుగుతుంది, చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. అంతే ప్రొటీన్ ఇచ్చే పావు లీటరు పాలలో సుమారు 12 గ్రాముల చక్కెర ఉంటుంది. అదే ప్రొటీన్ ఇచ్చే పదిహేను గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో పిండి ఐదు గ్రాములే. కోడిగుడ్డు, చికెన్, గోదావరి చేపలో దాదాపు సున్నా. పల్లీల్లో పిండి తక్కువే గానీ నూనె ఎక్కువ, అందుకే పిడికెడుతో ఆపాలి. మిర్చి బజ్జీలో ఉన్నదీ శనగపిండే కదా అనకండి, అది తాగిన నూనెను కూడా లెక్కలో వేయాలి.

ఇక ‘అన్నం మాని రొట్టె’ సంగతి. ఐసీఎంఆర్-ఇండియాబ్ షుగర్ సర్వే ఆధారంగా 2025లో వచ్చిన పరిశోధన ప్రకారం మన దేశంలో తిండి ద్వారా అందే శక్తిలో 62 శాతం పిండిపదార్థాలదే. మొత్తం పిండి తగ్గించకుండా బియ్యం బదులు గోధుమ, చిరుధాన్యాల పిండి తిన్నంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గినట్టు కనబడలేదు. కొంత పిండి తీసేసి ఆ చోట పప్పుల, పాల ప్రొటీన్ తినేవాళ్లలో మాత్రం ముప్పు తక్కువగా ఉంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా మంచి బియ్యమే, చక్కెరను కాస్త నెమ్మదిగా పెంచుతుంది. దాన్ని ‘షుగర్ బియ్యం’ అని రెండింతలు తింటే ఆ లాభమంతా పోయినట్టే.

అందుకని మీ అందరినీ కోరేది ఇది.

పప్పుచారు పొయ్యిమీద పెట్టేటప్పుడు ఇంకో రెండు పిడికిళ్ల పప్పు ఎక్కువ వేయండి, ఆ మేరకు బియ్యం తగ్గించండి. టిఫిన్‌లో ఒక ఉడికిన గుడ్డో, ఓ కప్పు శనగ గుడాలో, బొబ్బెర గుడాలో ఖాయంగా పెట్టండి. తినేటప్పుడు ముందు కూర, గుడ్డు, గుడాలు తిని, అన్నం తర్వాత కలుపుకోండి. వరుస మారినా చాలు, తిన్న తర్వాత చక్కెర తక్కువ పెరుగుతుంది.

ఇంట్లో షుగర్ మిషన్ ఉంటే మీరే పరీక్ష పెట్టుకోండి. ఒకరోజు మామూలు టిఫిన్, ఇంకోరోజు మార్చిన టిఫిన్. తినే ముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి చూసి నోటుబుక్కులో రాయండి. రెండు వారాలు రాస్తే మీ ఒంటికి ఏది పడుతుందో తెలుస్తుంది, ఆ బుక్కు డాక్టరుకూ పనికొస్తుంది.

గని క్యాంటీన్లు నడిపే పెద్దలకు ఒక మనవి. పూరీ, ఇడ్లీ పక్కన ఉడికిన గుడ్లు, గుడాలు కూడా పెట్టించండి. యూనియన్ నాయకులు ఈ మాటను గేట్ మీటింగ్‌లో ఒకసారి ఎత్తాలి.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవొద్దు. షుగర్ గోళీలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఒక్కసారిగా అన్నం సగం చేయకండి. మందు డోసు పాత అన్నానికి సరిపడా ఉంటుంది, అన్నం తగ్గితే షుగర్ డౌన్ కావచ్చు. చెమటలు, వణుకు, కండ్లు తిరగడం బొగ్గు బాయి లోపల వస్తే ప్రాణం మీదికొస్తుంది. 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. జేబులో ఓ చక్కెర పొట్లం ఉంచుకోండి. ముందు డాక్టరుకు చెప్పి, మెల్లమెల్లగా మార్చండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పై లెక్కలు వర్తించవు. వాళ్లు ప్రొటీన్ ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

పౌడర్ డబ్బా కొనాల్సిన పని లేదు. కంది, శనగ, సోయా పండే ఆదిలాబాద్ నేల మన పక్కనే ఉంది. రేపు పొద్దున మొదటి షిఫ్టుకు టిఫిన్ కట్టేటప్పుడు చారులో గరిటె నిలబెట్టి చూడండి. పప్పు తగిలితే చాలు, పని మొదలైనట్టే.

ఇట్లు,
మీ కాలనీ మనిషి, నస్పూర్